సొంత స్థలంలో ఇల్లు కట్టుకునేవారికి: తెలంగాణలో భూ వినియోగం, భవన అనుమతులపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటి ప్లాన్లు గీయించి, అనుమతి దరఖాస్తులు సిద్ధం చేసే పనిలో ఉన్నందువల్ల ప్రతి వారం అవే సందేహాలు మళ్లీ మళ్లీ వినవలసి వస్తోంది. అడిగేవారిలో ఎక్కువమంది జీవితకాలపు పొదుపును ఒక ప్లాటులో పెట్టినవారు. పునాది పడిన తర్వాత వచ్చే సందేహం, అది ఎంత చిన్నదైనా, వారికి లక్షల రూపాయల నష్టంగా మారుతుంది. అందుకే ఆ ప్రశ్నలను వారి మాటల్లోనే, దశలవారీగా ఇక్కడ చేర్చాను. మీకు అవసరమైన ప్రశ్న ఒక్కటే చదివినా సరిపోతుంది. ఇక్కడి కొలతలు ప్రధానంగా 2012 ఏప్రిల్ 7న వెలువడిన జీవో 168 భవన నియమాల నుంచి, అనుమతి పద్ధతి 2020 నాటి టీఎస్-బీపాస్ (ఆన్‌లైన్ భవన అనుమతుల) చట్టం నుంచి తీసుకున్నవి.

## ప్లాటు కొనే ముందు

నాలా అయిపోయిన భూమి అంటున్నారు. ఇక ఇల్లు కట్టుకోవడానికి అడ్డేమీ ఉండదు కదా?

ఉండవచ్చు. నాలా అంటే వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చినట్టు 2006 నాటి చట్టం కింద రెవెన్యూ శాఖ ఇచ్చే ఉత్తర్వు మాత్రమే. ఆ స్థలంలో ఏమి కట్టవచ్చో చెప్పేది మాస్టర్ ప్లాన్. హైదరాబాద్ చుట్టుపక్కల విస్తారమైన ప్రాంతానికి 2031 వరకు వర్తించే మెట్రోపాలిటన్ ప్లాన్‌ను 2013 జనవరిలో ఆమోదించారు. అందులో ప్రతి సర్వే నంబరూ నివాస జోన్, వాణిజ్య జోన్, పెరీ అర్బన్ (నగర శివారు) జోన్, కన్జర్వేషన్ (పరిరక్షణ) జోన్, వినోద స్థలాల జోన్ వంటి ఏదో ఒక రంగు కింద ఉంటుంది. నాలా ఉత్తర్వు చేతిలో ఉన్నా ఆ సర్వే నంబరు కన్జర్వేషన్ జోన్‌లో పడితే నివాస లేఅవుట్‌కు అనుమతి రాదు, భూ వినియోగ మార్పిడి కోసం ప్రభుత్వానికి విడిగా దరఖాస్తు చేసుకోవాలి. ఆ మార్పిడి తప్పక వస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. బయానా ఇచ్చే ముందే సర్వే నంబరు రాసి భూ వినియోగ ధ్రువపత్రం తీసుకోండి. నా అనుభవంలో కొనుగోలుదారులు అన్నిటికన్నా ఎక్కువగా మోసపోయేది నాలాకూ జోన్‌కూ మధ్య ఉన్న ఈ తేడా తెలియకనే.

పంచాయతీ అప్రూవ్డ్ లేఅవుట్ అని బ్రోచర్‌లో ఉంది. నమ్మవచ్చా?

ఆ మాట ఒక్కటే చూసి నమ్మకండి. లేఅవుట్‌కు పట్టణ ప్రణాళిక విభాగం, అంటే ప్రాంతాన్ని బట్టి హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ), ఇతర పట్టణాభివృద్ధి సంస్థ లేదా డీటీసీపీ (రాష్ట్ర పట్టణ ప్రణాళిక డైరెక్టరేట్), సాంకేతిక ఆమోదం ఇవ్వాలి. సర్పంచి సంతకం, కార్యదర్శి ముద్ర మాత్రమే ఉన్న నక్షాలు దశాబ్దాల పాటు చలామణీ అయ్యాయి. ఇప్పుడు క్రమబద్ధీకరణ కోసం వరుస కడుతున్న ప్లాట్లలో చాలా భాగం అలాంటివే. లేఅవుట్ పర్మిట్ నంబరు, తేదీ అడిగి, ఆ నంబరుతో ఉన్న ఆమోదిత నక్షాను సంబంధిత కార్యాలయపు వెబ్‌సైటులోనో కార్యాలయంలోనో సరిచూసుకోండి. నక్షా దొరికాక మీ ప్లాటు నంబరు వెతకడంతో ఆపకండి. ఆ చోటు పార్కుగానో, పాఠశాల స్థలంగానో, కుదువ ప్లాటుగానో గుర్తించి ఉన్నదేమో కూడా చూడండి. లేఅవుట్ వేసినవారు పూచీగా కుదువ పెట్టిన ప్లాట్లు రోడ్లు, డ్రైనేజీ, విద్యుత్ పనులు పూర్తయి కార్యాలయం విడుదల చేసేదాకా అమ్మకానికి పనికిరావు.

2020లో ఎల్‌ఆర్‌ఎస్‌కు వెయ్యి రూపాయలు కట్టి రసీదు తీసుకున్నాము. ప్లాటు రెగ్యులరైజ్ అయినట్టేనా?

కాదు. ఎల్‌ఆర్‌ఎస్ అంటే అనధికారిక లేఅవుట్లలోని ప్లాట్లను క్రమబద్ధీకరించే పథకం. ఆ వెయ్యి రూపాయలు వ్యక్తిగత ప్లాటుకు దరఖాస్తు రుసుము మాత్రమే. 2020 ఆగస్టు 31 నాటి జీవో 131 ప్రకారం 2020 ఆగస్టు 26 నాటికి రిజిస్టరు అయిన ప్లాట్లకే ఈ పథకం వర్తిస్తుంది. గడువు అదే సంవత్సరం అక్టోబరు 31 వరకు పొడిగించగా 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. పరిశీలన జరిగి, క్రమబద్ధీకరణ రుసుమూ, లేఅవుట్‌లో ఖాళీ స్థలం వదలనందుకు ప్లాటు విలువపై 14 శాతం రుసుమూ చెల్లించాక, మీ పేరుతో ప్రొసీడింగ్స్, అంటే క్రమబద్ధీకరణ ఉత్తర్వు, వచ్చినప్పుడే ప్లాటు క్రమబద్ధమైనట్టు. చెరువు శిఖం (చెరువు అడుగు భూమి), ప్రభుత్వ భూమి, దేవాదాయ భూమి వంటివాటిలో ఉన్న ప్లాట్లకు ఎంత రుసుము కట్టినా ఈ పథకం వర్తించదు. రెండో చేతి నుంచి ప్లాటు కొంటున్నవారు దరఖాస్తు నంబరు చూసి తృప్తిపడకుండా ప్రొసీడింగ్స్ కాగితం అడగాలి.

ప్లాటు వెనక చిన్న కుంట ఉంది, కానీ నీళ్లే లేవు. ఇబ్బంది ఉంటుందా?

తప్పకుండా ఉంటుంది. ఏప్రిల్ నెలలో వెళ్లి చూస్తే కుంట స్థానంలో మేకలు మేసే బీడు మాత్రమే కనిపిస్తుంది, మట్టి నెర్రెలు విచ్చి ఉంటుంది. అమ్మేవారు ప్లాటు చూపించడానికి ఆ నెలనే ఎందుకు ఎంచుకుంటారో ఆలోచించండి. నియమాలు నేడు ఉన్న నీటిని లెక్కలోకి తీసుకోవు. కుంట నిండినప్పుడు నీరు చేరే అంచును, అంటే ఎఫ్‌టీఎల్ గీతను మాత్రమే చూస్తాయి. ఆ గీత లోపల ఏ నిర్మాణమూ కుదరదు. దాని వెలుపల కూడా 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువులు, కుంటలు, శిఖం భూములకు 9 మీటర్లు బఫర్‌గా వదలాలి. వాగు, కాలువ, వరద నీటి కాలువ 10 మీటర్ల కన్నా వెడల్పు ఉంటే దాని హద్దు నుంచి 9 మీటర్లు, 10 మీటర్ల లోపు ఉంటే 2 మీటర్లు వదలాలి. నది ఒడ్డున పట్టణ పరిధిలో 50 మీటర్లు, దాని వెలుపల 100 మీటర్లు వదలాలి.

హెచ్‌ఎండీఏ పరిధిలోని చెరువుల ఎఫ్‌టీఎల్ పటాలు ఆ సంస్థ చెరువుల వెబ్‌సైటులో ఉంటాయి. పటంలో మీ సర్వే నంబరు గీతకు దగ్గరగా కనిపిస్తే నీటిపారుదల, రెవెన్యూ శాఖల ఉమ్మడి పరిశీలన నివేదిక తీసుకున్నాకే ముందుకు వెళ్లండి. 2024 జూలైలో చెరువులు, ప్రభుత్వ స్థలాల ఆక్రమణలను తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడిన తర్వాత ఔటర్ రింగు రోడ్డు లోపల ఈ విషయంలో ఉపేక్ష దాదాపు పోయింది. రిజిస్ట్రేషన్ అయింది కదా, బ్యాంకు అప్పు ఇచ్చింది కదా అన్న వాదనలు ఎఫ్‌టీఎల్ లోపల ఉన్న గోడను నిలబెట్టలేవు.

దస్తావేజులో 200 గజాలు ఉంది, టేపుతో కొలిస్తే 189 గజాలే వస్తోంది. ప్లాన్ దేనికి గీయాలి?

నేల మీద ఉన్న కొలతకే గీయాలి. దస్తావేజు విస్తీర్ణం, స్థలం మీది విస్తీర్ణం వేరైనప్పుడు రెండింటిలో తక్కువదాన్ని లెక్కలోకి తీసుకోవడం ఆనవాయితీ. దస్తావేజు నమ్మి 200 గజాలకు గీసిన ప్లాను ఆమోదం పొందినా, పునాది గీతలు గీసే రోజున పక్క గోడ అడ్డం వస్తుంది, అప్పుడు కోత పడేది మీరు వదలవలసిన ఖాళీ స్థలానికే. నాలుగు వైపులా కొలతలు, రెండు కర్ణాలు కూడా కొలిపించండి. కర్ణాలు సమానంగా లేకపోతే ప్లాటు వంకరగా ఉన్నట్టు. నేల మీద ఎక్కువ ఉండి దస్తావేజులో తక్కువ ఉంటే ఆ ఎక్కువ భాగం మీద మీకు కాగితపు హక్కు లేదు, అది రోడ్డుదో పక్కవారిదో అయి ఉండవచ్చు.

## దరఖాస్తుకు ముందు

మాది 75 గజాల స్థలం. దానికి కూడా అనుమతి కావాలా?

75 గజాల వరకు, అంటే 63 చదరపు మీటర్ల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు మించకుండా, అంటే కింద ఒకటి పైన ఒకటి, సొంత నివాసం కట్టుకుంటే అనుమతి అవసరం లేదు. ఒక రూపాయి నామమాత్రపు రుసుముతో ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే సరిపోతుంది. అయితే అనుమతి లేకపోవడం వేరు, నియమాలు లేకపోవడం వేరు. ఆ స్థలం ప్రభుత్వ భూమి, చెరువు భూమి, లేఅవుట్ పార్కు స్థలం కాకూడదు. రోడ్డు వెడల్పు కోసం వదలవలసిన భాగం వదలాలి. ఇప్పుడు రెండంతస్తులకు నమోదు చేసుకుని తర్వాత మూడోది వేస్తే మొత్తం కట్టడం అనధికారికం కిందికి వచ్చే ప్రమాదం ఉంది.

సెల్ఫ్ సర్టిఫికేషన్ అంటే అధికారులు చూడకుండానే అనుమతి ఇచ్చేస్తారా?

ముందు ఇస్తారు, తర్వాత చూస్తారు. 500 చదరపు మీటర్ల వరకు, అంటే దాదాపు 600 గజాల లోపు ప్లాటులో 10 మీటర్ల ఎత్తు వరకు కట్టే నివాసాలకు, యజమాని స్వీయ ధ్రువీకరణ మీద తక్షణ అనుమతి వస్తుంది. ఆ తర్వాత 21 రోజుల్లో పరిశీలన జరుగుతుంది. భూమి వివాదంలో ఉన్నా, జోన్ తప్పు చెప్పినా, రోడ్డు వెడల్పు ఎక్కువ చేసి చూపినా అనుమతి రద్దవుతుంది. పాత పద్ధతిలో తప్పు దొరికితే దరఖాస్తు వెనక్కి వచ్చేది, మీకు కొంత సమయమే పోయేది. ఈ పద్ధతిలో తప్పు దొరికేనాటికి ఇనుము, సిమెంటు దిగి, గోతులు తవ్వి ఉంటాయి. స్వీయ ధ్రువీకరణ కాగితం ప్రభుత్వం మీకు ఇచ్చిన హామీ అనుకునేవారు చాలామంది ఉన్నారు. వాస్తవానికి అది మీరు ప్రభుత్వానికి ఇచ్చిన మాట. అందువల్ల ఇంజనీరు నింపిన ప్రతి గడినీ మీరే చదివి, అర్థం కానిది అడిగి తెలుసుకున్నాకే ఒప్పుకోండి.

200 గజాల ప్లాటులో ఎంత వదిలి కట్టాలి?

200 గజాలు అంటే సుమారు 167 చదరపు మీటర్లు. 100 నుంచి 200 చదరపు మీటర్ల ప్లాట్లలో 10 మీటర్ల ఎత్తు వరకు కట్టేటప్పుడు, ముందు రోడ్డు 18 మీటర్ల లోపు ఉంటే ముందు వైపు 1.5 మీటర్లు, మిగతా మూడు వైపులా ఒక్కొక్క మీటరు వదలాలి. ఒక ఉదాహరణ లెక్కిద్దాం. 36 అడుగుల ముఖం, 50 అడుగుల లోతు ఉన్న ప్లాటు తీసుకోండి. రెండు పక్కలా మీటరు చొప్పున వదిలితే వెడల్పు దాదాపు 29 అడుగుల 5 అంగుళాలు మిగులుతుంది. ముందు మీటరున్నర, వెనక మీటరు వదిలితే లోతు దాదాపు 41 అడుగుల 10 అంగుళాలు మిగులుతుంది. అంటే అంతస్తుకు సుమారు 1,230 చదరపు అడుగులు. 1,800 చదరపు అడుగుల స్థలంలో 1,600 కట్టి ఇస్తానని మేస్త్రీ అంటే, ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుందో అతన్ని అడగండి.

ప్లాటు 200 చదరపు మీటర్లు దాటితే వదలవలసిన దూరాలు పెరుగుతాయి. 200 నుంచి 300 చదరపు మీటర్ల ప్లాటులో 12 మీటర్ల లోపు రోడ్డు మీద 10 మీటర్ల ఎత్తు కట్టడానికి ముందు 2 మీటర్లు, మిగతా వైపులా 1.5 మీటర్లు వదలాలి.

వాస్తు ప్రకారం ఈశాన్యం వైపు ఎక్కువ వదిలి, నైరుతి వైపు గోడకు ఆనించి కట్టవచ్చా?

ఈశాన్యం వైపు మీకు నచ్చినంత ఎక్కువ వదలండి, దానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు. నైరుతి వైపు మాత్రం నియమంలో ఉన్న కనీస దూరం తప్పదు. పడమర, దక్షిణ హద్దుల వద్ద వదిలే మీటరు గాలి, వెలుతురు కోసమూ, అగ్నిప్రమాదం వస్తే మనిషి నడిచేందుకూ ఉద్దేశించినది. వాస్తు పాటించేవారికి నా సలహా ఒకటే: పంతులుగారితో మాట్లాడేటప్పుడు ఖాళీ ప్లాటు కొలతలు చెప్పకండి. నాలుగు వైపులా వదలవలసినది తీసేశాక మిగిలే దీర్ఘచతురస్రం కొలతలు చెప్పండి. ఆయన సూచనలన్నీ ఆ చట్రంలో ఇమిడిపోతాయి, తర్వాత ప్లాన్ రెండోసారి గీయించే ఖర్చు తప్పుతుంది.

మా వీధి 20 అడుగులే. మాస్టర్ ప్లాన్‌లో 40 అడుగులు చూపిస్తోంది. ఎలా?

ఇప్పుడున్న రోడ్డు మధ్య గీత నుంచి 20 అడుగులు కొలిచి, దాని లోపల పడే మీ స్థలాన్ని రోడ్డుకు వదలాలి. అంటే ఇప్పటి అంచు నుంచి మీ వైపు దాదాపు 10 అడుగులు పోతుంది. ముందు వైపు సెట్‌బ్యాక్, అంటే ఖాళీగా వదలవలసిన దూరం, ఆ కొత్త అంచు నుంచి మొదలవుతుంది, పాత గోడ నుంచి కాదు. పోయిన స్థలానికి పరిహారంగా సెట్‌బ్యాక్‌లో సడలింపునో, బదిలీ చేసుకోదగిన అభివృద్ధి హక్కునో (వేరే చోట అదనంగా కట్టడానికి వాడుకోదగిన లేదా అమ్ముకోదగిన హక్కు) నియమాలు ఇస్తాయి కాబట్టి, దరఖాస్తులోనే దాన్ని అడగండి. చిన్న ప్లాటు ఉన్నవారికి ఇది కష్టమైన నియమమే, కాదనను. కానీ వీధిలో ఒకరు వదిలి నలుగురు వదలకపోతే అంబులెన్సు తిరగలేని సందులే మిగులుతాయి.

దరఖాస్తుకు ఏమేమి కాగితాలు సిద్ధం చేసుకోవాలి?

రిజిస్టరు అయిన దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు (అంతకు ముందటి దస్తావేజులు), తాజా ఈసీ (స్థలం మీది లావాదేవీలు, అప్పులు చూపే ధ్రువపత్రం), ఆమోదిత లేఅవుట్ నక్షా లేదా ఎల్‌ఆర్‌ఎస్ ప్రొసీడింగ్స్, అవసరమైన చోట నాలా ఉత్తర్వు, ఖాళీ స్థలపు పన్ను రసీదు, మార్కెట్ విలువ ధ్రువపత్రం, స్థలం ఫొటోలు, లైసెన్సు ఉన్న ఆర్కిటెక్టు లేదా ఇంజనీరు గీసిన ప్లాను ఉండాలి. నోటరీ కాగితం మీద కొన్న స్థలానికి, సాదా బైనామాకు (రిజిస్టరు కాని తెల్ల కాగితపు అమ్మకపు పత్రానికి) ఈ దారిలో అనుమతి రాదు, ముందు హక్కు రిజిస్టరు కావాలి. స్థలం ఇద్దరు ముగ్గురు అన్నదమ్ముల పేరు మీద ఉంటే అందరి సంతకాలూ కావాలి.

నేను అమెరికాలో ఉన్నాను. నాన్నగారి పేరు మీద జీపీఏ ఇస్తే చాలా?

చాలు, కానీ జీపీఏను, అంటే మీ తరఫున వ్యవహరించే అధికార పత్రాన్ని, పద్ధతి ప్రకారం ఇవ్వాలి. మీరున్న చోట నోటరీ ఎదుట లేదా భారత కాన్సులేట్‌లో సంతకం చేసి, నోటరీ అయితే అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా అక్కడి ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) చేయించి పంపండి. ఆ పత్రం భారతదేశం చేరిన నాటి నుంచి మూడు నెలల్లోపు ఇక్కడ జిల్లా రిజిస్ట్రార్ వద్ద స్టాంపు సుంకం చెల్లించి చెల్లుబాటు చేయించాలి. చాలా కుటుంబాలు ఈ మూడు నెలల గడువు దగ్గరే తడబడతాయి, కవరు విప్పి బీరువాలో పెట్టి శుభకార్యం కోసం ఎదురుచూస్తాయి. జీపీఏలో భవన అనుమతికి దరఖాస్తు చేయడం, అఫిడవిట్లు ఇవ్వడం, రోడ్డుకు స్థలం వదలడం, కుదువ పత్రం రాయడం అనే అధికారాలు పేరుపేరునా ఉండాలి. అమ్మకపు అధికారం అవసరం లేకపోతే రాయవద్దు.

## దరఖాస్తు నడుస్తున్నప్పుడు

పెద్ద భవనానికి 21 రోజుల్లో జవాబు రాకపోతే అనుమతి వచ్చినట్టేనా?

చట్టం ప్రకారం అవును. 500 చదరపు మీటర్లు దాటిన ప్లాట్లు, 10 మీటర్లు దాటిన ఎత్తు ఏకగవాక్ష (సింగిల్ విండో) పద్ధతిలోకి వస్తాయి. అన్ని కాగితాలతో పూర్తయిన దరఖాస్తుకు 21 రోజుల్లో నిర్ణయం రాకపోతే అనుమతి ఇచ్చినట్టే భావిస్తారు. ఇక్కడ 'పూర్తయిన' అన్న మాట ముఖ్యమైనది. కాగితం లోపం ఉందని లేఖ వచ్చిందంటే దరఖాస్తు పూర్తి కాలేదని అర్థం. 18 మీటర్లు, అంతకు మించిన నివాస భవనాలకు అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ కూడా అవసరం. 2025లో అనుమతుల కోసం బిల్డ్‌నౌ అనే కొత్త వేదిక ప్రవేశపెట్టారు. వెబ్‌సైటు మారినా మీరు వదలవలసిన మీటర్లు మారలేదు.

మధ్యవర్తి అంతా తానే చూసుకుంటానంటున్నాడు. అప్పగించవచ్చా?

పని అప్పగించవచ్చు, ఫోన్ నంబరు అప్పగించకూడదు. దరఖాస్తులో మీ సొంత మొబైల్ నంబరు, మీ ఈమెయిలు ఉండాలి. మధ్యవర్తి తన నంబరు పెట్టినప్పుడు లోపాల లేఖలు, రుసుము నోటీసులు, రద్దు సమాచారం అన్నీ అతనికే వెళతాయి. నా దగ్గరకు వచ్చిన ఒక దంపతులు అనుమతి రద్దయిన సంగతి రెండో స్లాబు పోసిన తర్వాత తెలుసుకున్నారు. లేఖ సకాలంలోనే వచ్చింది, చేరింది మాత్రం నంబరు మార్చేసిన మధ్యవర్తికి. ఆ ఇంటి ఆవిడ చేతిలో ఉన్న అనుమతి కాగితం మడతల దగ్గర చిరిగిపోయి ఉంది, అన్నిసార్లు తీసి చూసుకున్నారు. వారానికి ఒకసారి దరఖాస్తు నంబరు కొట్టి స్థితి చూసుకోవడం ఐదు నిమిషాల పని.

పది శాతం కుదువ అంటున్నారు. ఇల్లు ప్రభుత్వం తీసుకుంటుందా?

తీసుకోదు. ఆమోదిత ప్లాన్ ప్రకారమే కడతారన్న పూచీగా మొత్తం నిర్మాణ విస్తీర్ణంలో 10 శాతం భాగాన్ని అనుమతి ఇచ్చే సంస్థ పేర కుదువగా చూపాలి. అది సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో నిషేధిత జాబితాలో నమోదవుతుంది. నిర్మాణం ప్లాన్ ప్రకారం పూర్తయి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ, అంటే నివాసానికి ఇచ్చే ధ్రువపత్రం) వచ్చాక విడుదలవుతుంది. 200 చదరపు మీటర్ల లోపు ప్లాటులో 7 మీటర్ల ఎత్తు మించని వ్యక్తిగత ఇంటికి ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది.

అనుమతి వచ్చింది కాబట్టి స్థలం నాదేనని తేలినట్టే కదా?

కాదు. భవన అనుమతి హక్కు పత్రం కాదు. పక్కవారితో హద్దు తగాదా ఉంటే, ఆ తగాదా సివిల్ కోర్టులోనే తేలుతుంది.

## నిర్మాణం జరుగుతున్నప్పుడు

సెట్‌బ్యాక్ మీదుగా బాల్కనీ వేసుకోవచ్చా? నేల మీద ఖాళీ వదిలాము కదా.

చిన్న ప్లాట్లలో కుదరదు. తప్పనిసరిగా వదలవలసిన స్థలం నేల నుంచి ఆకాశం దాకా ఖాళీగా ఉండాలి. 60 సెంటీమీటర్ల వెడల్పు మించని సన్‌షేడ్లు, కార్నిసులకు మాత్రమే వెసులుబాటు ఉంది. అంటే రెండడుగులు కూడా నిండవు. మొదటి అంతస్తులో మూడడుగుల బాల్కనీ బయటికి తీసి, దానికి గ్రిల్ బిగించి, తర్వాత కిటికీలు పెట్టి గదిలో కలుపుకోవడం మన వీధుల్లో కనిపించే పరిణామక్రమం. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఆగిపోయే కారణాల్లో ఇది ముందు వరుసలో ఉంటుంది. బాల్కనీ కావాలంటే కట్టుకోదగిన చట్రం లోపలే గది తగ్గించి చూపించండి.

ఇంకో అంతస్తు వేసుకుంటే తర్వాత ఫైన్ కట్టి రెగ్యులరైజ్ చేయించుకోవచ్చు అంటున్నారు. నిజమేనా?

ఈ మాట నమ్మి నష్టపోయినవారిని ఎంతోమందిని చూశాను. భవన నియమాల్లో ఉన్న సర్దుబాటు చాలా చిన్నది. ఎత్తైన భవనాలు కాని వాటిలో, ముందు వైపు మినహా మిగతా సెట్‌బ్యాక్‌లలో 10 శాతం లోపు తేడాను మాత్రమే రుసుముతో సరిచేస్తారు. ఆ రుసుము ఉల్లంఘించిన నిర్మాణ విస్తీర్ణానికి రిజిస్ట్రేషన్ శాఖ భూమి విలువలో నూరు శాతం. ఒక మీటరు వదలవలసిన చోట 10 శాతం అంటే పది సెంటీమీటర్లు, మీ అరచేతి వెడల్పు కన్నా కొంచెం ఎక్కువ. అదనపు అంతస్తుకు ఈ వెసులుబాటు లేదు. అసలు ఆమోదిత ప్లానే లేకుండా కట్టినదానికి ఇది వర్తించనే వర్తించదు.

2007 డిసెంబరు 15 వరకు కట్టినవాటికి బీపీఎస్, 2015 అక్టోబరు 28 వరకు కట్టినవాటికి బీఆర్‌ఎస్ అనే కట్టడాల క్రమబద్ధీకరణ పథకాలు వచ్చిన మాట నిజం. అందుకే మళ్లీ ఒకటి వస్తుందన్న ఆశ ఊళ్లో తిరుగుతూ ఉంటుంది. కానీ అవి ఆ తేదీలకు ముందు కట్టినవాటికి వచ్చిన పథకాలు, ఈ రోజు వేసే స్లాబుకు అవి ఏ రక్షణా ఇవ్వవు. పైగా మూడు అంతస్తులకు లెక్కించిన స్తంభాల మీద నాలుగోది ఎక్కించడం చట్టం కన్నా ముందు ఇంట్లో ఉండేవారి ప్రాణాలకు సంబంధించిన విషయం.

డాబా మీద రేకుల షెడ్డు వేసుకోవడానికి అనుమతి కావాలా?

గోడలు కట్టి, రేకులు కప్పి, మంచం వేసి లేదా అద్దెకు ఇచ్చి వాడితే అది నివాస అంతస్తే, అనుమతి కావాలి. నీళ్ల ట్యాంకు, మెట్ల గది, సోలార్ పలకలు వేరు. సున్నం, రంగులు, ప్లాస్టరింగు, గచ్చు మార్చడం వంటి మరమ్మతులకు అనుమతి అవసరం లేదు.

బోరు వేసుకోవడానికి, చెట్టు కొట్టడానికి కూడా అడగాలా?

రెండింటికీ 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ) చట్టం కింద ముందస్తు అనుమతి ఉండాలి. చెట్టు పునాదికి అడ్డం కాకపోతే ప్లాన్‌లోనే దాన్ని గుర్తించి ఉంచేయండి. వేపచెట్టును సెట్‌బ్యాక్‌లో నిలుపుకొని కట్టిన ఇళ్లు వేసవిలో ఎంత చల్లగా ఉంటాయో ఆ ఇళ్లకు వెళ్లినవారికి తెలుసు.

నోటీసు గోడకు అంటించి వెళ్లారు. రేపే కూల్చేస్తారా?

భయపడి ఇంట్లో కూర్చోకండి, నోటీసు తేదీ చూసి రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. టీఎస్-బీపాస్ చట్టంలో తప్పుడు ధ్రువీకరణతో కట్టిన నిర్మాణాన్ని నోటీసు లేకుండానే తొలగించే అధికారం రాసి ఉంది. అయితే 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం కూల్చివేతకు ముందు కనీసం 15 రోజుల గడువుతో నోటీసు ఇవ్వాలి, యజమాని వాదన వినాలి, కారణాలతో తుది ఉత్తర్వు ఇవ్వాలి. రోడ్డు, కాలిబాట, రైలు పట్టాల పక్క స్థలం, నదులు, చెరువుల వంటి చోట్ల ఉన్న ఆక్రమణలకూ, కోర్టు ఆదేశించిన కూల్చివేతలకూ ఈ రక్షణ లేదు. జవాబుతో పాటు ఆమోదిత ప్లాను, అనుమతి, ప్రస్తుత కొలతలు, ఫొటోలు జత చేసి, అందినట్టు ముద్ర వేయించుకోండి. తప్పు నిజంగా ఉంటే ఎంతవరకు మీరే తొలగిస్తారో అందులో రాయడం ఉత్తమం.

## ఇల్లు పూర్తయ్యాక

గృహప్రవేశం అయిపోయింది. ఓసీ తీసుకోకపోతే ఏమవుతుంది?

అప్పటికప్పుడు ఏమీ కానట్టే కనిపిస్తుంది, అందుకే చాలామంది వదిలేస్తారు. నియమం ప్రకారం ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేని భవనానికి విద్యుత్, నీటి సరఫరా సంస్థలు సాధారణ కనెక్షన్ ఇవ్వకూడదు, లేదా అది వచ్చేదాకా మూడు రెట్లు రుసుము వసూలు చేయవచ్చు. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన మరో తీర్పు దీన్ని ఇంకా గట్టి చేసింది. పూర్తి ధ్రువపత్రం లేదా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూసిన తర్వాతనే సేవల కనెక్షన్లు ఇవ్వాలని, భవనం తాకట్టు మీద బ్యాంకులు అప్పు ఇవ్వాలని ఆదేశించింది. నిర్మాణం జరిగినన్నాళ్లూ ఆమోదిత ప్లానును స్థలం వద్ద ప్రదర్శించాలని కూడా అదే తీర్పు చెప్పింది. పూర్తి చేసిన నోటీసు, ఇంజనీరు ధ్రువీకరణ, ఫొటోలతో దరఖాస్తు పెడితే 15 రోజుల్లో నిర్ణయం రావాలి. 63 చదరపు మీటర్ల లోపు స్థలంలో నమోదు పద్ధతిలో కట్టిన ఇంటికి ఓసీ అవసరం లేదు.

ఇరవై ఏళ్లుగా ఇంటి పన్ను కడుతున్నాము. అది సక్రమ కట్టడమని ఒప్పుకున్నట్టు కాదా?

కాదు. కట్టడం ఉన్నందుకు పన్ను వేస్తారు, అది సక్రమమా అక్రమమా అన్నది వేరే విషయం. అనధికారిక కట్టడాలపై అదనపు పన్ను వేసినా, దానివల్ల ఆ కట్టడం క్రమబద్ధం కాదని నియమాల్లోనే ఉంది. పన్ను రసీదు, కరెంటు బిల్లు మీరు ఆ ఇంట్లో ఉంటున్నారని మాత్రమే చూపిస్తాయి.

స్టిల్ట్ పార్కింగ్‌లో చిన్న కిరాణా కొట్టు పెట్టుకుంటే తప్పేనా?

తప్పే. స్టిల్ట్, అంటే స్తంభాల మధ్య ఖాళీగా వదిలిన కింది అంతస్తు, పార్కింగ్ కోసమే. పార్కింగ్‌గా చూపిన స్థలాన్ని వేరే దేనికి వాడినా ఆమోదిత ప్లానును ఉల్లంఘించినట్టు. కొట్టు పెట్టాలనుకుంటే దాన్ని ప్లాన్‌లోనే దుకాణంగా చూపించి, ఆ జోన్‌లో ఆ వీధి వెడల్పుకు కుదురుతుందో లేదో తెలుసుకుని అనుమతి తీసుకోండి. పన్ను కూడా వాణిజ్య రేటుకు మారుతుంది.

మా స్థలం బిల్డరుకు డెవలప్‌మెంట్‌కు ఇస్తున్నాము. రెరా మాకూ వర్తిస్తుందా?

స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా ప్రాజెక్టును రెరాలో (స్థిరాస్తి నియంత్రణ సంస్థలో) నమోదు చేయించాలి, ఆ తర్వాతే ఫ్లాట్ల అమ్మకానికి ప్రకటన ఇవ్వాలి. భూ యజమానిగా మీ వాటా ఫ్లాట్లు మీరు అమ్ముకునేటప్పుడు కొనేవారు మిమ్మల్ని కూడా బాధ్యులుగా చూస్తారు. అందుకే ఒప్పందంలో మూడు విషయాలు స్పష్టంగా రాయించుకోండి: అనుమతిని దాటి ఒక్క అడుగు కూడా కట్టకూడదు, ఓసీ తెచ్చే బాధ్యత బిల్డరుది, కుదువ పెట్టవలసిన 10 శాతం బిల్డరు వాటాలోంచే చూపాలి. మూడోది రాయించుకోని కుటుంబాలకు తమ వాటాకు వచ్చిన ఫ్లాటే కుదువలో ఉందని సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో కూతురి పేర దాన పత్రం రిజిస్టరు చేయబోయిన రోజున తెలుస్తోంది.